జూలీ కోసం గోడ దాటినవాడు

పోయిన నెల ఒక సాయంత్రం మన్సూరాబాద్‌లో మా ఫ్లాట్ తలుపు గంట మోగింది. తీస్తే నాకంటే కొన్నేళ్లు చిన్నదిగా కనిపించే ఒకావిడ నిలబడి ఉంది. నేత చీర, చేతిలో మడిచిన గొడుగు. ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో, అక్కడి నుంచి ఆటోలో వచ్చానని, వాచ్‌మన్ పొరపాటున పక్క బ్లాకంతా తిప్పాడని చెప్పింది. లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చాను. సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, తానెవరో చెప్పకముందే అడిగింది: "మా జూలీ మీ దగ్గరే ఉండిపోయింది కదండీ. తర్వాత ఏమైందండీ అది?"

అప్పుడు గుర్తుపట్టాను. లారీ వెనక పలక పట్టుకుని గొంతు చిరిగేలా ఏడ్చిన రెండు జడల పిల్ల ఈవిడే. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, మర్నాడు రమ్మని పంపేశాను. ఉద్యోగంలో చేరకముందు నుంచీ డైరీ రాయకుండా పడుకున్న మనిషిని కాను. ఎండావానా, కరెంటు పోయిన వేళలు, ఇంటికొచ్చినవాళ్లు, వండిన కూర, అన్నీ రాస్తాను. ఆ రోజు మాత్రం ఒక్క వాక్యమే రాశాను. 'ముందు కుక్క గురించి అడిగింది.'

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే మేడల నిండా కోచింగ్ బోర్డులు, చీరల దుకాణాలు, తల మీదుగా పరుగెత్తే రైలు. మేమున్నప్పుడు అది ఊరి చివర. కాలనీలో కొత్త ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి లేస్తుండేవి. మధ్యలో ఖాళీ ప్లాట్లు, వాటిలో తుమ్మచెట్లు, వాటి నీడన మా బర్రెలు. ఎల్‌బీ నగర్ చౌరస్తా ఉన్నచోట నేనెరిగినవి ద్రాక్ష పందిళ్లు, విజయవాడ రోడ్డు మీద గడ్డి బండ్లు. మా నాయిన మేస్త్రీ. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి పల్లె నుంచి ఆ కాలనీ గోడలు కట్టడానికే వచ్చాడు, కాలనీ అంచున రేకుల ఇల్లు వేసుకుని ఉండిపోయాడు. సాయంత్రం ఆయన ఇంట్లోకి వస్తే ముందు తడి సున్నం వాసన వచ్చేది. అమ్మ పేరు దీనమ్మ. ఆమెది పాల వాసన, కుడితి వాసన, కొంగు చివర జొన్నరొట్టె మాడు వాసన. పొద్దున్నే తెల్ల చీర కొంగు బిగించి, పాల క్యాను నెత్తిన పెట్టుకుని కాలనీలో గేటు గేటుకూ తిరిగేది. కొలిచి పోశాక గిన్నెలో ఒక్క చుక్కైనా కొసరు వేయకుండా క్యాను ఎత్తేది కాదు. "కొలత బేరానిది, కొసరు నాది" అనేది. రాత్రి అన్నాలయ్యాక దీపం చుట్టూ కూర్చుని ప్రార్థన. నాయిన గొణిగేవాడు, అమ్మ గట్టిగా చెప్పేది, నేను నిద్రతో తూగేవాణ్ణి, మా అన్న యాకోబు నా తొడ గిల్లి లేపేవాడు.

బర్రెలను మేపింది చిన్నప్పుడు అన్న, తర్వాత నేను. అన్న నాలుక మడిచి ఒక ఈల వేసేవాడు. ముందు పొడుగ్గా సాగి, చివర చటుక్కున పైకి లేచే ఈల. అది వినబడితే ఎంత దూరాన ఉన్నా బర్రెలు మేత వదిలి తలలెత్తి ఇంటి దారి పట్టేవి. అది ఇంకెవరికీ రాదు. పట్నం వదిలి పట్టాళంలో చేరేముందు కొన్నాళ్లు కూర్చోబెట్టి నాకు నేర్పాడు. "గిది వస్తే నేను లేకున్నా గొడ్లు నీ మాట ఇంటయి రా" అన్నాడు. పెదాలు పగిలి నెత్తురొచ్చేదాకా వేయించాడు.

పట్టాళం అంటే సరిహద్దు అనుకున్నాం. వాణ్ణి సముద్రం దాటించి ఒక పరాయి దేశంలో మన రాయబార కార్యాలయానికి కాపలా పంపారు. ఆ దేశం పేరు డైరీల్లో ఉంది, ఇక్కడ రాయను. ఆ దేశం నాకేమీ చేయలేదు. వెళ్లేముందు సెలవులో వచ్చినప్పుడు, పొయ్యి దగ్గర కూర్చుని అమ్మకు తన పని వివరించాడు.

"ఆడ మనోళ్లుంటరే అమ్మ. దుకాణాలోళ్లు, బడి పంతుళ్లు, ఆఫీసరు దొరలు, ఆళ్ల పిల్లలు. ఊళ్లె లొల్లి లేస్తే అందర్ని ఆఫీసు గోడల లోపటికి తెచ్చి, విమానం ఎక్కిందాక కాపాడాలె. గంతే."

"మరి నిన్నెవరు కాపాడతరు రా?"

"నా చేతుల తుపాకి ఉంటది గదనే."

"తుపాకి నీకు కాపలానా, నువ్వు తుపాకికి కాపలానా?" అంది అమ్మ. అన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా వినబడుతుంది. వాడి ముఖం మాత్రం ఫోటో చూస్తే తప్ప పూర్తిగా గుర్తు రావడం లేదు.

తర్వాతి ఎండాకాలం, అన్న చనిపోయాడని తంతి వచ్చింది. దాని వెనక కొన్ని వారాలకు ఒక ఉత్తరం. అది ఇంగ్లీషులో ఉండటంతో నాయిన దాన్ని చర్చికి తీసుకెళ్లి అయ్యగారి చేతిలో పెట్టాడు. వీరమరణమని రాసి ఉంటుందనుకుని ఆయన ఆరాధన అయ్యాక నాయినను అందరి ముందూ నిలబెట్టి చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగిపోయాడు. ఆపినా లాభం లేకపోయింది, ఇంగ్లీషు వచ్చినవాళ్లు పక్కన తొంగి చూస్తూనే ఉన్నారు. ఊళ్లో అల్లరి నడుస్తుండగా, ఎవరూ గోడ దాటకూడదన్న ఆజ్ఞ ఉండగా, సిపాయి యాకోబు అనుమతి లేకుండా తన చోటు వదిలి గోడ దాటి వెళ్లాడు, బయటి వీధిలో తూటా తగిలి చనిపోయాడు. శవాన్ని తేవడం వీలుపడలేదు, అక్కడే పాతిపెట్టారు. అంతే. పట్టాళంలో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన పలక ఒకటి మా చర్చి గోడకు ఉంది. అన్న పేరు దాని మీదికి ఎక్కలేదు. మా పల్లెలో ఒకామె పెళ్లి పందిట్లోనే అమ్మ వినేలా అంది: "పాలోళ్ల పిలగాడు తుపాకి వడేసి ఉరికిండంట గదా!" అమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది.

ఏడాది తిరగకముందే మా కాలనీలో కొత్తగా కట్టిన ఇంట్లోకి ఒక ఆఫీసరు కుటుంబం దిగింది. కోస్తా వాళ్లు. భార్య, చిన్న కూతురు, చెవులు వేలాడే గోధుమరంగు కుక్క. ఆ ఇంటి చుట్టుగోడ కట్టింది మా నాయినే. పాలు పోసేది అమ్మే. ఒక సాయంత్రం నేను బర్రెలను తోలుకుని ఆ వీధిన వస్తూ మామూలుగా ఈల వేశాను. గేటు సందులోంచి ఆ కుక్క దూసుకొచ్చింది. మొరగలేదు. నా కాళ్లు వాసన చూసింది, తల ఎత్తి నా ముఖం చూసింది, మళ్లీ కాళ్లు వాసన చూసి నీరసంగా కూర్చుంది. రెండోసారి వేశాను. తోక ఊపుతూ నా చుట్టూ వీధంతా వెతికింది. ఎవరి కోసం వెతుకుతోందో నాకు ఒళ్లంతా తెలిసిపోయింది. ఇంటికెళ్లి అమ్మకు చెబితే నమ్మలేదు. "బర్రెల వాసనకు వచ్చి ఉంటది" అంది. కానీ మర్నాడు ఆ ఇంట్లో పాలు పోస్తూ, "గీ కుక్క ఎక్కడిది దొరసానమ్మా? మన దిక్కు కుక్క లెక్క లేదు" అని అడిగింది. నేను గేటు బయట రెండో క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆవిడ మంచి మనిషే, మాట్లాడటం ఇష్టం. "ఇదా? దీనిది పెద్ద కథ దీనమ్మా! మా వారు విదేశంలో రాయబార కార్యాలయంలో చేసేవారు. అక్కడ గొడవలొచ్చి మమ్మల్నందర్నీ ఆఫీసులోకి తెచ్చేశారు. ఇది ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మాయి అన్నం ముట్టదు, ఒకటే ఏడుపు. మా వారు ఒక సిపాయిని పంపారు. మన తెలుగు కుర్రాడే, దీన్ని రోజూ ఆడించేవాడు. పాపం, దీన్ని గోడ మీంచి లోపలికి అందించాడు గానీ, అతను ఎక్కుతుంటే వెనక నుంచి కాల్చేశారు. దీనికి మాత్రం నూరేళ్లూ ఉన్నాయి చూడు!" అని కుక్క తల నిమిరింది.

 అమ్మ కొలత నిండుగా పోసింది. క్యాను మూత పెట్టి ఎత్తుకుంది. కొసరు పోయలేదు. ఆవిడ గిన్నె ఇంకా చాపి పట్టుకునే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నమే అమ్మ ఆఫీసరు ఎదుటికి వెళ్లి, ఆ సిపాయి తన కొడుకని చెప్పింది. ఆయన ముఖం తెల్లబోయింది, కుర్చీ వేయించాడు. అమ్మ కూర్చోలేదు. వాడు పారిపోలేదని, మీరే పంపారని పై అధికారులకు, మా చర్చిలో జనానికి ఒక్క మాట చెప్పమని అడిగింది. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "నోటితో అన్న మాటకి రుజువేముంటుందమ్మా? నా ఉద్యోగం పోతుంది. పోయినవాణ్ణి ఎలాగూ తీసుకురాలేం కదా" అన్నాడు. ఆ మర్యాద వల్లే నేను ఆయన్ని ఇవాళ్టికీ క్షమించలేదు. అరిచి గెంటేసినా బాగుండేది.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ప్రార్థన మారింది. పరలోక ప్రార్థనలో, మాకు తప్పు చేసినవారిని మేము క్షమించినట్టే అని చెప్పుకునే చోటు ఒకటి ఉంది. అక్కడికి రాగానే అమ్మ నోరు మూసుకునేది. మమ్మల్నీ మూసుకోమంది. ఆ కాస్త మేరా దీపం చిటపటలు వినబడేవి, ఆపైన మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. చర్చిలోనూ అంతే. అయ్యగారు గమనించి ఇంటికొచ్చాడు.

"పగ పెట్టుకుని ప్రభు బల్ల దగ్గరికి రాకూడదు దీనమ్మా. రొట్టె ఎట్ల తీస్కుంటవు?"

"తీస్కోను అయ్యగారూ. దేవునికి అబద్ధం జెప్పుడు కంటె ఆకలితోని ఉండుడు మంచిది."

అన్నట్టే, చర్చిలో అందరూ వరుసలో లేచి, ప్రభువు శరీరంగా పంచే రొట్టె కోసం ముందుకు వెళ్తుంటే ఆమె వెనక చాప మీద నిటారుగా కూర్చునేది. నాకది సిగ్గుగా అనిపించలేదు. మా వరుసలో ఆమె ఒక్కతే కాపలా ఉన్నట్టు అనిపించేది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి రాజుకున్నది ఆ ఏడే. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, రోజూ ఎక్కడో ఒకచోట కర్ఫ్యూ. మా ఉద్యోగాలు మాకు కావాలని నేనూ ఊరేగింపుల్లో అరిచాను. అది న్యాయమైన కోరికే, అందులో నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు. కానీ ఒకనాడు మలక్‌పేట వైపు నుంచి వచ్చిన గుంపు దారి మళ్లి మా కాలనీలోకి జొరబడింది. వాళ్ల చేతుల్లో రాళ్లు, కిరసనాయిలు డబ్బా. ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఆఫీసరు ఇంటివైపు నడుస్తుంటే నా కాళ్లు ఎంత తేలికగా ఉన్నాయో నాకు తెలుసు. తీరా వెళ్లేసరికి గేటుకు వీపు ఆనించి అమ్మ కూర్చుని ఉంది, పక్కన ఖాళీ పాల క్యాను.

"జర పక్కకు జరుగు అవ్వా. గిది ఆంధ్రా ఆఫీసరు ఇల్లు" అన్నాడు ముందున్నవాడు.

"నాకెరుకే. నీకంటె ముందుగాల ఎరుక."

"అవ్వకు వీళ్లింట్ల మంచి బేరం ఉన్నట్టుంది రా!" అని ఎవడో అంటే నవ్వులు.

"ఉన్నది బిడ్డా. నా కొడుకు బేరం." అమ్మ లేవకుండానే అంది. "మీరు గిప్పుడు కాలవెడితె ఈ సారు సస్తడు. సస్తే నాకు మాట ఎవరు జెప్తరు? ఈనితోని మీకు ఒక్క పూట కొట్లాట. నాకు పానమున్నన్ని దినాలు. ముందు నా లెక్క తేలనియ్యి."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి క్యానుతో గేటును దడదడ కొట్టింది. "ఓ సారూ! కిటికి తెరువు! నా కొడుకును గోడ దాటి పొమ్మన్నదెవరు? గీళ్లందరు ఇనాలె, గట్టిగ జెప్పు!"

కిటికీ రెక్క కొద్దిగా తెరుచుకుంది. "దీనమ్మా, నీ మేలు ఈ జన్మలో మర్చిపోను. ముందు వాళ్లని పంపెయ్యి తల్లీ" అన్నాడాయన.

"మేలు గాదు సారూ, మాట!"

రెక్క మూసుకుంది. ఆ చప్పుడు చిన్నదే. గుంపులో కిరసనాయిలు డబ్బా పట్టుకున్నవాడు కూడా అది విని నా వైపు చూశాడు. అంతలో వీధి మొదట్లో కేంద్ర బలగాల లారీ కనిపించింది. కుర్రాళ్లు రాళ్లు విసురుతూ సందుల్లోకి చెదిరిపోయారు. నేను ముందుకు వెళ్లి అమ్మ పక్కన నిలబడిపోయాను.

జవాన్లు ఆ కుటుంబాన్ని గబగబా లారీ ఎక్కించారు. భార్య, పిల్ల, ఆఫీసరు పైకెక్కాక ఒక చిన్న వయసు జవాను కింద నిలబడి కుక్కను రెండు చేతులా ఎత్తి అందించబోయాడు. రాళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. అమ్మ వాడి భుజం పట్టుకుంది. పాలు పోసే ఇళ్లలో నేర్చిన ఉర్దూలో, "పహలే తుమ్ చఢో బేటా, కుత్తా బాద్ మే" అంది. ముందు నువ్వెక్కు, కుక్క సంగతి తర్వాత అని. వాడికేం అర్థమైందో గానీ నవ్వి, కుక్కను కింద పెట్టి పైకెక్కాడు. ఆపైన వంగి దాన్ని అందుకున్నాడు. లారీ కదిలింది. ఆఫీసరు మా వైపు చూడలేదు. నేను నాలుక మడిచి అన్న ఈల వేశాను.

జూలీ జవాను చేతుల్లోంచి గింజుకుని లారీ వెనక నుంచి దూకింది. మట్టిలో పొర్లి లేచి, సూటిగా మా దగ్గరికి వచ్చింది. పిల్ల కెవ్వుమంది. ఆఫీసరు "ఆపండి, ఆపండి!" అని అరిచాడు గానీ రాళ్లవానలో లారీ ఎవరి కోసం ఆగుతుంది? అమ్మ కుక్క మెడ పట్టుకుని పైకెత్తి చూపించింది. వీధి దద్దరిల్లేలా అరిచింది: "వచ్చి తీస్కపో సారూ! నువ్వే రా! ఎవర్ని పంపకు!"

పగ మా ఇంట్లో అన్నం తిని, నీళ్లు తాగి, వాకిట్లో పడుకుంది. అమ్మ దాన్ని కొట్టలేదు, ముద్దూ చేయలేదు. పొద్దున చెంబెడు పాలు, రాత్రి రొట్టె ముక్క. "ఇది నా సాక్షి" అనేది. కుక్క కోసం ఆయన వస్తాడని, వస్తే వాకిట్లో నిలబెట్టి పదిమంది ముందు ఆ మాట చెప్పించాకే ఇవ్వాలని ఆమె లెక్క. ముందు ఆఫీసు బంట్రోతు ఒకడు సైకిల్ మీద వచ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి, "సారు రాలె?" అని అడిగి పంపేసింది. తర్వాత ఆఫీసరు బావమరిది వచ్చాడు, అతనికీ మజ్జిగే. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆ కుటుంబం ఇల్లు అమ్ముకుని వేరే ఊరికి వెళ్లిపోయిందని తెలిసింది. ఏ కుక్క కోసం మా అన్నను తూటాల్లోకి పంపాడో, అదే కుక్క కోసం ఆయన ఒక వీధి దాటి రాలేకపోయాడు. ఇంతకంటే ఆయన్ని గురించి చెప్పాల్సింది నా దగ్గర లేదు. జూలీ బర్రెల వెంట తిరిగి, వాటిని మళ్లించడం నేర్చుకుని, ముసలిదై చనిపోయింది. రెండోసారి ఉద్యమం లేచి దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల మీద జనం బతుకమ్మ ఆడుతుంటే చూడటానికి అమ్మ లేదు. చనిపోయేదాకా ఆమె ప్రభు బల్ల రొట్టె ముట్టలేదు.

ఆవిడ మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి నేను టీ పెట్టాను. వాళ్ల నాన్నగారు ఈ మధ్యే పోయారట. ఆసుపత్రిలో చివరి రోజుల్లో, ఆ అబ్బాయిని నేనే పంపాను, నేనే పంపాను అని కలవరింతల్లో పలికారట. "ఆయన రాలేకపోయారండీ. ఆయన తరఫున నేనొచ్చాను. క్షమించానని మీరొక్క మాటంటే…"

"మీ నాన్నగారు ఈసారి కూడా ఇంకొకరినే పంపారు" అన్నాను.

ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది. నేను అడిగాను: "ఆ అబ్బాయి పేరేంటండీ?"

 "నాన్నగారు పేరు చెప్పలేదండీ ఎప్పుడూ" అంది. చిన్నప్పటి కుక్క పేరు ఇన్నేళ్లు నోట్లో మోసిన మనిషికి, దాన్ని తెచ్చినవాడి పేరు తెలియదు. యాకోబు, అని చెప్పాను. ఆదివారం మా చర్చికి వచ్చి ఆ పేరుతో సహా జరిగింది చెప్పమన్నాను. రాదనుకున్నాను. వచ్చింది. ఆరాధన చివర లేచి నిలబడి, కాగితం లేకుండా చెప్పింది: "యాకోబుగారు పారిపోలేదండీ. మా నాన్నగారే పంపారు. నా కుక్క కోసం పంపారు. నేను ఏడ్చానని పంపారు." ఒక్క మాట కూడా తప్పించలేదు. ఆ మాట కోసం అమ్మ జీవితమంతా వాకిలి తీసిపెట్టుకుంది. కానీ వినాల్సినవాళ్లు ఎవరున్నారక్కడ? పెళ్లి పందిట్లో ఎగతాళి చేసినామె పోయింది, ఉత్తరం చదివిన అయ్యగారు పోయారు. కొత్త కుర్చీల్లో కొత్త కుటుంబాలు. వెనక వరుసలో ఒక కుర్రాడు, ఎవరీ యాకోబు అని పక్కవాణ్ణి గుసగుసగా అడిగాడు. పలక మీద పేరు చెక్కించడానికి చర్చి కమిటీ ఒప్పుకుంది. అందరూ పరలోక ప్రార్థనకు లేచారు. ఆ చోటు వచ్చింది. ఆవిడ నా ముఖంలోకే చూస్తోందని తెలుసు. నా నోరు, అమ్మ మూయించిన చోటే మూసుకుంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకొక్కటి అడుగుతానండీ, ఏమీ అనుకోకండి. జూలీని ఎక్కడ పాతిపెట్టారు? ఒక్కసారి చూసి వెళ్లిపోతాను."

ఆ చోటు నాకు తెలుసు. ఆ గొయ్యి తవ్వింది నేనే.

"మా అన్నను ఎక్కడ పాతిపెట్టారో మాకూ ఎవరూ చెప్పలేదండీ" అన్నాను. ఎండ ఎక్కువగా ఉందని ఆవిడ గొడుగు విప్పి ఇచ్చి, ఆటో పిలిచాను.